పూస తగిలిందా, చీమ కుట్టిందా

మొన్న మన ఇంటి గ్రూపులో వచ్చిన వీడియో చూసి మీరిద్దరూ పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. మీ మావయ్య కూతురు మామిడి తోటలో అందరి ముందూ తల వంచుకుని "తగల్లేదు, నాదే తప్పు" అంటున్న వీడియో అది. ఎవరో దాని మీద "దొంగ ఫిర్యాదు అక్క" అని రాసి, వెనకాల ఏదో వెకిలి పాట కలిపారు. మీరు పూణేలో కూర్చుని నవ్వారు. ముందూ వెనకా తెలియని వాళ్లు, మిమ్మల్ని ఏమనగలను? ఆ పిల్ల మాత్రం మీ బొమ్మలు చూసి, ఫోను బోర్లా పెట్టి, కంచం ముందు నుంచి లేచిపోయింది. ఊళ్లో వాళ్లు అబద్ధాలకోరు అన్నప్పుడు కూడా అది అన్నం మానలేదు. మీరు నవ్వినందుకు మానింది. అందుకని చెబుతున్నాను. మీ అమ్మమ్మ గట్టిగా మాట్లాడే మనిషి కాదని మీకు తెలుసు. మెల్లగానే చెబుతాను.

ఎ.కొండూరు రోడ్డులో ఉన్న మన మామిడి తోటను మీరు వేసవి సెలవుల్లోనే చూశారు. అప్పుడు కాయలతో, కోత కూలీలతో, ట్రేలు ఎత్తే ఆటోలతో తోటంతా సందడిగా ఉంటుంది. కోతలు అయిపోయి వానలు పడ్డాక అక్కడ మనిషి అలికిడి ఉండదు. పోయినేడు మా చెల్లెలి కొడుకు వచ్చి, "పెద్దమ్మా, ఖాళీగా పడున్న తోటేగా, ఆదివారాలు మా కుర్రాళ్లం ఆడుకుంటాం" అన్నాడు. తిరువూరు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడే, వాడే. మీకు వరసకు మావయ్య. నేను క్రికెట్ అనుకుని సరే అన్నాను.

ఆ ఆదివారం వెళ్లి చూస్తే కుర్రాళ్ల చేతుల్లో తుపాకులు.

"ఒరేయ్, ఇవేంట్రా? పోలీసులొచ్చి నన్ను పట్టుకుపోతార్రా!"

"ఉత్తుత్తివి పెద్దమ్మా. ఎయిర్‌సాఫ్ట్ అంటారు. దీంట్లోంచి వచ్చేది ఇదీ" అని నా అరచేతిలో తెల్లటి ప్లాస్టిక్ పూస ఒకటి పెట్టాడు. శనగగింజ కంటే చిన్నది. కళ్లకు అద్దాలు, మూతికి ముసుగు తగిలించుకుని, రెండు జట్లుగా చెట్ల వెనక నక్కి, ఆ పూసలతో ఒకళ్లనొకళ్లు కొట్టుకోవడమే ఆట. తగిలినవాడు చెయ్యెత్తి "తగిలింది" అని అరిచి, నెత్తిన ఎర్రగుడ్డ వేసుకుని, మోటారు షెడ్డు దగ్గరికి వచ్చి కూర్చోవాలి.

"తగిలిందని ఎట్లా తెలుస్తుందిరా? రంగేమైనా అంటుకుంటుందా?"

"అంటదు. లావు బట్టలేసుకుంటే మచ్చ కూడా పడదు."

"మరి ఎవరు చెప్తారు?"

"తగిలినోడే చెప్పాలి."

"చెప్పకపోతే?"

వాడు నన్ను వింతగా చూశాడు. "చెప్పాలి పెద్దమ్మా. అదే ఆట."

ఆ మాట నాకు భలే నచ్చింది. క్రికెట్‌లో వేలెత్తడానికి ఒకడు ఉంటాడు. కబడ్డీలో కూత ఆగిందో లేదో వినడానికి ఒకడు ఉంటాడు. ఇక్కడ ఎవరూ లేరు. ఓడిపోయినవాడే నేను ఓడిపోయానని చెప్పాలి. ఇదేదో పెద్దమనుషుల ఆటలా ఉందే అనుకున్నాను. ఆ మొదటి రోజుల్లో నిజంగా అట్లాగే ఉండేది. చెట్ల మధ్య నుంచి "తగిలింది, తగిలింది" అని కేకలు వినిపించేవి. ఒక్కొక్కడూ నవ్వుకుంటూ ఎర్రగుడ్డతో వచ్చి, నేను కలిపి తెచ్చిన మజ్జిగ తాగి, "నన్ను లేపేసింది వీడే మామ్మగారూ, భలే కొట్టాడు" అని కొట్టినవాణ్ణి మెచ్చుకునేవాడు.

ఆ వీడియోలోని పిల్ల, నా కొడుకు కూతురు, డిగ్రీ చదువుతూ నా దగ్గరే ఉంటోందిగా. నాకు తోడుగా వచ్చి, రెండో వారానికే తుపాకీ పట్టింది. వాళ్లందరిలో ఆడపిల్ల అదొక్కతే. చెట్టు వెనక కూర్చుంటే ఆకు కూడా కదలనిచ్చేది కాదు. ఒకసారి ఎవరూ తరమకుండానే తిన్నగా షెడ్డు దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నీకెక్కడ తగిలిందే? నేను చూస్తూనే ఉన్నాగా" అన్నాను.

"వీపు మీద సంచీకి తగిలింది నానమ్మా."

"సంచీకి తగిలితే నీకేం?"

"సంచీ కూడా నేనే. రూలు."

కొట్టినవాడికి కూడా తెలియదు ఆ పూస తగిలినట్టు. అదీ ఆ పిల్ల.

ఆ తర్వాత సారుగారు వచ్చారు. ఊళ్లో పురుగుమందులూ ఎరువులూ అమ్మే పెద్ద కొట్టు ఆయనది. నలభై దాటినవాడు, పెళ్లాం బిడ్డలున్నవాడు. ఖరీదైన తుపాకీ, మందపాటి జాకెట్టు, మోకాళ్లకు తొడుగులు, సినిమాలో మిలటరీవాడిలా దిగాడు. కుర్రాళ్లందరికీ కళ్లద్దాలు కొనిపెట్టాడు. షెడ్డు చుట్టూ వల కట్టించాడు. ఇక ఆయన ఏమన్నా "అవును సార్, అంతే సార్". మా చెల్లెలి కొడుకు అందరికంటే ముందు.

ఆయన వచ్చాక కేకలు తగ్గిపోయాయి. ఎవరికీ తగలడం లేదు! చెట్టంత మనిషి ఎదురుగా నిలబడితే, పూసలు వాన చినుకుల్లా పడుతుంటే, ఒక్కటీ తగలదు. పెద్దాయన ఒప్పుకోనిది మనం ఎందుకు ఒప్పుకోవాలని కుర్రాళ్లూ మొదలుపెట్టారు. "కొట్టాను." "తగల్లేదు." "నీ అబద్ధం తగలెయ్యా, టప్‌మని చప్పుడొచ్చింది." "అది ఆకురా, పిచ్చోడా." ఆట తక్కువ, తగువు ఎక్కువ. నా మజ్జిగ ఎండకు పులిసిపోయేది, తాగే తీరిక ఎవరికీ లేదు.

ఒక తెలివైనవాడు పూసల్ని పసుపులో దొర్లించాడు, తగిలితే మరక పడుతుందని. తుపాకుల గొట్టాల్లో పసుపు ముద్దకట్టి అన్నీ బిగుసుకుపోయాయి. "తుపాకులకు పేరంటం చేశారు నానమ్మా, బొట్టు కూడా పెట్టి పంపండి" అని మన పిల్ల నవ్వితే, అందరూ నవ్వారు. వాళ్లంతా కలిసి నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

అప్పుడు మా చెల్లెలి కొడుక్కి ఒక ఆలోచన వచ్చింది. సాగర్ కాలువ నీళ్ల వంతు దగ్గర తగువొస్తే, మన పెద్దవాళ్లు ఏం చేసేవాళ్లు? పెద్దదిక్కు చేతిలో చెయ్యి వేయించి "ఇప్పుడు చెప్పు" అనేవాళ్లు. చెయ్యి వేసి చెప్పాడంటే తగువు తీరినట్టే. "మనకూ అట్లా ఒకళ్లుండాలి. మా పెద్దమ్మ ఉంది. ఆమె చేతిలో చెయ్యేసి అబద్ధం ఎవడు చెప్తాడు?" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు.

మొదటి ఆదివారం అది పనిచేసింది కూడా. తగల్లేదని ఎగిరిన కుర్రాడొకడు నా ముందుకొచ్చి, చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుని, "తగిలింది మామ్మగారూ, జబ్బ మీద" అని నెత్తిన గుడ్డ వేసుకున్నాడు.

వారం తిరిగేసరికి సంగతి అర్థమైంది. ఒట్టు వేయమంటే తడబడేది ఎవరు? మంచివాడు. పెనుగొలను నుంచి వచ్చే పిల్లాడొకడు పాపం నా చేతి మీద చెయ్యి పెట్టి ఎంతో సేపు ఆలోచించాడు. "తగిలిందేమోనండీ. పరిగెత్తుతున్నాను, సరిగ్గా తెలీలేదు. ఒట్టు వేయలేను" అన్నాడు. అతన్ని బయటికి పంపేశారు. తగిలిందని బాగా తెలిసినవాడు మాత్రం గబగబా వచ్చి, నా చేతి మీద తన చెయ్యి ఠపీమని కొట్టి, "ఒట్టు మామ్మగారూ, నా కళ్లు పోతాయి" అని వెళ్లి ఆడుకునేవాడు. అబద్ధమాడేవాడికి ఒట్టు ఒక లైసెన్సు అయింది. అంతకుముందు వాడి అబద్ధం మీద కనీసం అనుమానమైనా ఉండేది. ఇప్పుడు అడగడానికే లేదు, మామ్మగారి చేతిలో చెయ్యేశాడు కదా!

ఒక రోజు ఇద్దరు అట్లా ఒట్టేసి, షెడ్డు వెనక్కి వెళ్లి తుపాకులు నింపుకుంటున్నారు. నాకు చెవుడు అనుకున్నారో ఏమో.

"నిజంగా తగల్లేదురా?"

"తగిలింది. డొక్కలో. ఇంకా మండుతోంది."

"మరి ముసలామె చేతిలో..."

"ఒట్టు తీసి గట్టున పెట్టు. అయిపోయిందిగా!"

ఇద్దరూ కిసుక్కుమన్నారు. చిన్నప్పుడు మీరూ అనే ఉంటారు ఆ మాట. జామకాయ దగ్గర, బొంగరం దగ్గర. మీసాలొచ్చినవాళ్ల నోట వింటే రోత పుట్టింది. వాళ్ల చేతుల చెమట నా అరచేతిలో జిగటగా ఉంది. బోరింగు దగ్గరికి వెళ్లి ఇసుకతో తోముకున్నాను.

ఇక నేను కూర్చోనురా అన్నాను మా చెల్లెలి కొడుకుతో. "నువ్వు లేకపోతే కొట్టుకు చస్తారు పెద్దమ్మా. కార్తీకం దాకా ఓపిక పట్టు" అన్నాడు. కార్తీక మాసంలో తోటలోనే వనభోజనాలు పెట్టి, ఆ రోజు ఆటలో బాగా ఆడినవాళ్లను విజయవాడ పోటీకి పంపుతారట. మన పిల్ల ఆ పోటీ కోసం ఎన్నాళ్ల నుంచో ఎదురుచూస్తోంది. అదొచ్చి నా పక్కన కూర్చుని, "నానమ్మా, ఆ ఒక్క రోజు. తర్వాత నీ ఇష్టం" అంది. దాని కోసం ఒప్పుకున్నాను.

ఈలోపు సారుగారు ఇంకో రూలు పెట్టించారు. "ఊరికే ఫిర్యాదులు చేసేవాళ్లు ఎక్కువయ్యారు. అవతలివాడు ఒట్టేశాడంటే ఫిర్యాదు అబద్ధమన్నట్టేగా? అబద్ధపు ఫిర్యాదు చేసినవాళ్లు ఈ సీజన్ అంతా ఆడకూడదు" అన్నారు. అందరూ తలలూపారు. ఆ రూలుతో ఆయన్ని అడిగేవాళ్లే లేకుండా పోయారు.

వనభోజనాల రోజు సగం ఊరు తోటలోనే ఉంది. మన తోటలో ఉసిరి చెట్టు లేదు కాబట్టి, ఒక ఉసిరి కొమ్మ తెచ్చి మట్టిలో గుచ్చి, దానికి పసుపూ కుంకుమా పెట్టి, దాని నీడ మా మీద పడేట్టు కూర్చున్నాం. ఒక పక్క పొయ్యిల మీద పులిహోర, పనసపొట్టు కూర. ఆడవాళ్లు, పిల్లలు, ఆటగాళ్ల ఇళ్లవాళ్లు, చుట్టుపక్కల రైతులు. సారుగారి భార్య, ఏడెనిమిదేళ్ల కూతురు కూడా వచ్చారు. పొయ్యిలకూ ఆడే చోటుకూ మధ్య వల కట్టారు. నేను నా కుర్చీలో ఉన్నాను.

పొద్దెక్కేసరికి ఒక్కో జట్టులో కొద్దిమందే మిగిలారు. గాలివానకు కూలిన చెట్టు చాటున మన పిల్ల బోర్లా పడుకుని ఎంతసేపుందో! సారుగారు వంగుని మోటారు షెడ్డు పక్క నుంచి వస్తున్నారు. వల అవతల, పొయ్యిలకు దగ్గర్లోనే. టక్‌మని చిన్న చప్పుడు. వెంటనే "అబ్బా!" అని పెద్ద కేక. సారుగారు మెడ వెనక పట్టుకుని ఎగిరారు. పులిహోర కలుపుతున్న ఆడవాళ్లు కూడా తలెత్తి చూశారు.

మన పిల్ల లేచి నిలబడింది. "అంకుల్, తగిలింది."

ఆయన చుట్టూ చూశారు. భార్య చూస్తోంది, కూతురు చూస్తోంది, ఊరంతా చూస్తోంది. చేతిని మెడ మీంచి తీసి దులుపుకున్నారు.

"ఏం తగిలింది? చీమ కుట్టింది."

"అంకుల్, నేను చూశాను. మెడ మీద పడింది."

"నీకు పూస కనపడిందామ్మా, అంత దూరం నుంచి? ఎర్రచీమ! ఈ తోట నిండా చీమల గూళ్లే."

ఆట ఆగిపోయింది. ఆటగాళ్లంతా ముసుగులు తీసి నా కుర్చీ చుట్టూ చేరారు. మా చెల్లెలి కొడుకు మొహం పాలిపోయింది. మన పిల్లను పక్కకు లాగి, "అమ్మడూ, వదిలెయ్యమ్మా. ఆయన ఒట్టేస్తే నీకు సీజన్ పోద్ది. విజయవాడ పోద్ది" అన్నాడు.

"తగిలింది బాబాయ్" అంది.

సారుగారు నా ముందుకొచ్చి చెయ్యి చాచారు. నా వైపు వంగితే మెడ వెనక ఎర్రగా పూసంత దద్దురు కనిపించింది. నేను నా చెయ్యి ఒళ్లోంచి తీయలేదు.

"బాబూ," అన్నాను, "దసరా వెళ్లాక ఈ చెట్లకు మందు కొట్టించాం కదా. ఆటగాళ్లను చీమలు కుడుతున్నాయని."

"అవును పిన్నిగారూ, మన కొట్టులోదే."

"ఒక్క చీమ మిగిలితే నన్నడగండి అన్నావు. ఈ రైతులందరి తోటలకూ అదే మందు ఇచ్చావు."

చుట్టూ ఉన్న రైతులు ఒకరినొకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో, "చెప్పండి సార్, చీమా, పూసా?" అన్నారు. నవ్వులు. అప్పటికైనా నవ్వేసి, చెయ్యెత్తి, "తగిలిందమ్మా, భలే కొట్టావు" అంటాడేమో అనుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆ ఒక్క మాట అంటే ఆయన మీద ఉన్న అసహ్యమంతా అక్కడే కడుక్కునేదాన్ని.

ఆయన మెడ రుద్దుకుంటూ, "ఈ ఏడు ఆ మందు అంతగా పనిచెయ్యట్లేదు పిన్నిగారూ" అన్నారు.

పొలానికి మందు కొట్టి అప్పుల్లో ఉన్న రైతుల ముందు, తన కొట్టులో మందు పనిచేయదని ఒప్పుకున్నాడు కానీ, ప్లాస్టిక్ పూస మెడకు తగిలిందని ఒప్పుకోలేకపోయాడు! నా చెవులను నేనే నమ్మలేదు. అంతకంటే రోత ఏమిటంటే, అందరూ దానికీ నవ్వేశారు. "చీమే, చీమే" అన్నారు. వంటలు చల్లారిపోతున్నాయిగా.

"నేను చెయ్యి ఇవ్వను" అన్నాను.

"పెద్దమ్మా!" మా చెల్లెలి కొడుకు నా చెవి దగ్గర వంగాడు. "ఇచ్చెయ్యి పెద్దమ్మా. ఆయన పెట్టిన అద్దాలే అందరి కళ్లకూ ఉన్నాయి. నీ మనవరాలని పక్షపాతం అంటారు."

"అనుకోనీ. నా చెయ్యి నా ఇష్టం."

"మీ చెయ్యే కావాలా ఏంటండీ?" అన్నారు సారుగారు. ఆయన గొంతులో అప్పుడు కోపం వచ్చింది. వెనక్కి తిరిగి, "ఇట్రా బంగారం" అని కూతుర్ని పిలిచారు. ఆ పాప చేతిలో పులిహోర ఆకు పట్టుకుని, పరిగెత్తుకుంటూ వచ్చింది. నాన్న ఏదో ఆడిస్తాడనుకుంది. ఆయన దాన్ని తన ముందు నిలబెట్టుకుని, చెయ్యెత్తి, ఆ పిల్ల నెత్తి మీద పెట్టబోయారు.

"నా కూతురి మీద..."

పాప తలెత్తి నాన్న చేతినీ, మొహాన్నీ చూసింది. వాళ్లమ్మ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఇంతమంది పెద్దవాళ్లం, ఒక్కళ్లమూ కదల్లేదు.

మన పిల్ల చటుక్కున ముందుకెళ్లి, పాప చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుంది.

"వద్దు అంకుల్. చెయ్యి తియ్యండి. తగల్లేదు. నాదే తప్పు."

ఇదీ మీరు చూసిన వీడియో. ఎవడో ఫోను అప్పుడే ఎత్తాడు. దానికి ముందున్నది ఏదీ అందులో లేదు.

సారుగారు చెయ్యి దించి, "చూశారా మరి!" అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. మా చెల్లెలి కొడుకు గట్టిగా ఊపిరి పీల్చుకుని, "సరే, సరే, భోజనాలు! ఆకులు వెయ్యండి" అన్నాడు. మన పిల్ల తన తుపాకీ తీసి సంచీలో పెట్టి, జిప్పు లాగి, నా పక్కన కింద కూర్చుంది. నేను పులిహోర నోట్లో పెట్టుకున్నాను, దిగలేదు. ఎదుటి వరసలో సారుగారు రెండోసారి పనసపొట్టు వేయించుకుంటున్నారు. చూడలేక తల తిప్పుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ పిల్లను ఊరుకోబెడదామని చూస్తే, అదే నన్ను ఊరుకోబెట్టింది. "వాళ్లు నన్ను ఏమన్నా పర్లేదు నానమ్మా. ఆ పాపకు ఏమన్నా జ్వరం వచ్చినా, రేపు వాళ్లమ్మ నా వల్లే అనుకుంటుంది" అంది. ఒట్టేస్తే ఏదో అవుతుందని నమ్మదు మన పిల్ల. వాళ్లమ్మ నమ్ముతుందని చేసింది.

మర్నాడు మా చెల్లెలి కొడుకు స్వీట్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. "సారుది పెద్ద మనసు పెద్దమ్మా. అమ్మడు అందరి ముందూ ఒక్క సారీ చెప్తే శిక్ష మాఫీ చేస్తానన్నారు. విజయవాడ టీములో కూడా..."

ఆ పెట్టెను నేను ముట్టుకోలేదు. పెద్ద మనసట! కొట్టించుకున్నవాడు, కొట్టినదాన్ని క్షమిస్తాడట! నాకు నోటి దాకా వచ్చింది, ఆపుకున్నాను. మన పిల్ల మాత్రం, "సారీ చెప్తాను బాబాయ్. ఆదివారం వస్తాను" అంది. వాడు సంతోషంగా వెళ్లాడు. నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. ఆ రాత్రి దానితో మాట్లాడలేదు.

ఆదివారం ఇద్దరం వెళ్లాం. అందరూ షెడ్డు దగ్గర గుంపుగా ఉన్నారు. సారుగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు, నేను కూర్చునే కుర్చీలో. మన పిల్ల వెళ్లి ఎదురుగా నిలబడింది.

"ఈ తోటలో నేను ఒక్క అబద్ధం ఆడాను. పోయిన ఆదివారం తగల్లేదు అన్నాను. తగిలింది. పాప తల మీద చెయ్యి పడకూడదని అన్నాను. అబద్ధం ఆడినందుకు సారీ."

ముసుగులు బిగించుకునేవాళ్లు బిగించుకుంటున్నారు, పూసలు నింపేవాళ్లు నింపుతున్నారు. పెనుగొలను పిల్లాడొక్కడే తల వంచుకున్నాడు. సారుగారు నవ్వి, "అయిపోయినదానికి ఇప్పుడు ఎన్నైనా చెప్తారమ్మా" అన్నారు. ఆ నవ్వు చూశాక నాకు మాట దానంతటదే వచ్చింది.

"అబ్బాయ్," అన్నాను మా చెల్లెలి కొడుకుతో, "రేపు ట్రాక్టరు వస్తోంది. తోట దున్నిస్తున్నాను. వలలూ అవీ ఇవాళే విప్పి తీసుకుపోండి."

"సీజన్ మధ్యలోనా పెద్దమ్మా? ఇప్పుడెట్లా?"

"మీ ఆట కోసమే ఇన్నాళ్లూ ఆపాను. గడ్డి మోకాళ్లకొచ్చింది. నాకు పూత కావాలి."

"సారుతో ఒక మాట అనుకుని..."

"తోట ఆయనది కాదుగా."

నేను అరవలేదు. అరిస్తే బతిమాలేవాళ్లేమో. మెల్లగా చెప్పేసరికి అందరికీ తెలిసిపోయింది, ఇక మాట తిరగదని. సారుగారి కారు ముందు కదిలింది. తను కట్టించిన వల విప్పుకుని మరీ తీసుకుపోయారు, మేకులతో సహా.

మర్నాడు ట్రాక్టరు వచ్చి దున్నుతుంటే నాగలి వెనక మట్టి తిరగబడి, అందులో తెల్లగా పూసలు, పూసలు, పూసలు. విత్తనాలు చల్లినట్టు. అవి మొలవవు, కుళ్లవు. వాటిని చూసినప్పుడల్లా ఛీ అనిపిస్తుంది. దొరికినన్ని ఏరించాను, చాలా ఉండిపోయాయి.

మా చెల్లెలి కొడుకు ఇప్పుడు నాతో మాట్లాడడం తగ్గించాడు. సారుగారు వేరే తోట చూసుకున్నారట, అక్కడ ఎవరికీ తగలడం లేదట. మన పిల్లను ఊళ్లో కొందరు ఇంకా ఆ వీడియో పేరుతోనే పిలుస్తున్నారు. కాలేజీలో కూడా. అది తిరిగి ఏమీ అనదు. ఆట మాత్రం మానలేదు. ఆదివారం పొద్దున్నే విజయవాడ బస్సెక్కి, అక్కడ ఎవరో తెలియని జట్టుతో ఆడుతోంది. మొదటి వారం సాయంత్రం చేతుల మీద దద్దుర్లతో వచ్చింది. కొబ్బరినూనె రాస్తూ అడిగాను.

"వాళ్లయినా తగిలితే చెప్తున్నారా?"

"కొందరు చెప్పారు నానమ్మా. కొందరు చెప్పలేదు."

"మరి నువ్వు?"

"నాకు తగిలినవన్నీ చెప్పాను. అందుకే ముందే బయటికొచ్చేశాను" అని నవ్వింది.

"ఛీ, ఇంత జరిగాక మళ్లీ అట్లాంటి మనుషుల మధ్యకే పోతావా?"

"నేను వాళ్ల కోసం వెళ్లట్లేదుగా" అంటూ మోచేయి తిప్పి చూపించింది, "ఇక్కడ కూడా రాయి, మండుతోంది."